ఉప్పుటేటి దారిని కొల్లేటి సీమ

కృష్ణా గోదావరులు యుగయుగములుగా తెచ్చి పోసిన ఒండ్రు ఇరువంకల మెరకలై నిలువగా, నడుమ మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలగు ఏళ్లెన్నియో వచ్చి దానిలో కలియుచుండగా, ఆ నీటినంతటిని సముద్రమునకు చేర్చు ఏరు ఉప్పుటేరు ఒక్కటియే. ఏలూరు తివాసీలను గూర్చియు, తాడేపల్లిగూడెపు ఉల్లిపాయల బజారును గూర్చియు చెప్పదగినది చాల కలదు. 2022లో ఏలూరు తన పేరిటి జిల్లాకు ముఖ్యపట్టణమయ్యెను. అయినను ఈ సీమను నాకు ఆప్తము చేసినది ఆ ఏరే గనుక దాని కడకే పోయెదను.

ఆకివీటి ప్రక్కగా వంకరలు తిరుగుచు సుమారు 60 కిలోమీటర్లు సాగు ఈ ఏటికి వాలు మిక్కిలి తక్కువ. కొల్లేటి నీరు కడలిని చేరవలెనన్న కడలియే దారి యియ్యవలెను. ఒక మాఘపూర్ణిమనాడు లోసరి వంతెన దాపున కూర్చుండి ఆ సంగతి కన్నులార చూచితిని. ఊదాపువ్వు నెత్తిన నిలుపుకొన్న గుర్రపుడెక్క గుబురొకటి సముద్రమువైపు పోవుచు, వంతెన స్తంభము దాటి నాలుగు బారలు సాగి, మందగించి, ఉన్నచోటనే మెల్లగా ఒక చుట్టు తిరిగి, వచ్చిన దారినే ఆకివీటివైపు మరలెను. దరిని వల ఆరవేయుచున్న వృద్ధుడు తల యెత్తకయే, "పోటు తగిలిందండి. పాటు తీసేదాకా అదింక కిందికి పోదు" అనెను. దోసిట నీరు పట్టి నాలుకకు తగిలించితిని, ఉప్పన.

దినమునకు రెండుమారులు, నిన్నటికన్న నేడు దాదాపు రెండు గడియలు ఆలస్యముగా పోటు వచ్చును. అమావాస్యా పూర్ణిమలకు బలిసి, అష్టములకు సన్నగిల్లును. ఉప్పునీరు బరువైనది గనుక ఏటి అడుగున నక్కి లోనికి ప్రాకుచుండ, తేలికయైన మంచినీరు దానిమీదుగా వెలికి జారుచుండును. వఱదకాలమున మంచినీటిదే పైచేయి. వేసవిలో ఉప్పునీరు ఎగదన్ని సరస్సుదాక వచ్చును.

మొగ దాటిన నీటికి గాలియే యజమాని. నైరుతిగాలి తీరము వెంబడి ఈశాన్యమునకు వీచునపుడు, భూభ్రమణముచేత పైనీరు గాలికి కుడివైపున కొరగి, ఏటినీటిని దరికి దూరముగా పలుచగా పఱచును. ఈశాన్యపుగాలి తిరిగినంతనే అదే నీరు దరినంటి బందరువైపు సాగును. వాయుగుండము పట్టి తూర్పుగాలి కడలిని గట్టుకు నెట్టి నిలిపిననాడో, పాటు సరిగా తీయదు, పైనుండి ఏళ్లు పోయుచునే యుండును, చేలు మునుగును. ఆ దారికి అడ్డముగా చేపలచెరువుల గట్లు లేచుట చూచి నాకు కడుపు తరుగుకొనిపోయినది. 2006లో వేల యెకరముల గట్లు తెగగొట్టిరి.

ఆటపాక గూడబాతులు చూడదగినవి. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడినేలల పట్టికలో చేరెను. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణమున జరుగును. అప్పటికి సరస్సు చిక్కి, ఉప్పుటేట పోటు పైకి ప్రాకుచుండును.