మన గ్లాసుల చాయ్, ఆ తోటల్లో మన పేర్లు

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. చాయ్ తాగుకుంట చదవండి, ఎందుకంటే ఇది చాయ్ గురించే.

మేము నల్లగొండల ఒక హాస్టల్ రూములో నలుగురం ఉంటం. ముగ్గురం దేవరకొండ దిక్కు తండాలోల్లం, ఒకరు అమ్రాబాద్ దిక్కు చెంచు పెంట నుంచి వచ్చినోడు. నలుగురి ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సిన్మాలకు, హోటళ్లకు మా దగ్గర పైసలు ఉండవు. మాకున్న ఒకే ఒక్క సోకు చాయ్. పొద్దున హాస్టల్ చాయ్, సాయంత్రం క్లాక్ టవర్ దిక్కు పోయి రెండు చాయ్‌లు నలుగురం పంచుకునుడు, పరీక్షలప్పుడు రాత్రి ఇంకోటి. ఇంటికాడ అయితే చాయ్ సోకు కాదు. మా యాడి కూలికి పోయే ముందు పెద్ద గ్లాసు తాగి పోతది. అది కడుపుల పడితే పగటాల్ల దాక ఆకలి ఆగుతదని ఆమె లెక్క.

నల్లగొండోల్లం కాబట్టి ఒక ముచ్చట ముందే చెప్పాలె. తేయాకు మొక్క నేలలో ఉన్న ఫ్లోరైడ్‌ను ఆకులోకి గుంజుకుంటది, ముదురాకులో ఇంకా ఎక్కువ. మన మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్ల సంగతి వేరే చెప్పే పని లేదు. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. బోరు నీళ్లతో డికాషన్ కాస్తే నీళ్లది, ఆకుది రెండూ కలుస్తయి. మరిగినకొద్దీ నీళ్లు తగ్గుతయి గానీ ఫ్లోరైడ్ పోదు. అందుకే ఫ్లోరోసిస్ ఉన్న ఊర్లల్ల పాలు లేని చాయ్ తగ్గించమంటరు. మన పెద్దోల్లను చాయ్ మానమంటే మానరు. కనీసం భగీరథ నల్లా నీళ్లతో పెట్టుకొమ్మని, ఎక్కువసేపు కాగబెట్టొద్దని చెప్పండి.

ఇగ అసలు సంగతికి వస్తం. మా రూము గోడకు ఒక పాత క్యాలెండర్ ఉంది. దాని మీద మున్నార్ తేయాకు తోట బొమ్మ. ఏడాది అయిపోయినా దాన్ని తీసేయబుద్ధి కాలేదు. ఎండాకాలం రేకుల కింద పండుకొని ఆ పచ్చదనం చూస్తుంటే కళ్లకు సల్లగుంటది. శబరి ఎక్స్‌ప్రెస్ మన నల్లగొండ మీదుగానే కేరళకు పోతది. ఆలువాలో దిగితే మున్నార్‌కు బస్సులున్నయి. అందుకే వారానికి ఒక చాయ్ మానేసి, ఆ పది రూపాయలు ఒక డబ్బాలో వేస్తున్నం. డిగ్రీ అయిపోయే లోపు మున్నార్, ఉద్యోగం వచ్చినంక అస్సాం, డార్జిలింగ్. ఇదీ మా ప్లాను.

పోయే ముందు ఆ జాగల గురించి తెలుసుకుందామని లైబ్రరీలో, ఫోన్లో చదవడం మొదలుపెట్టినం. మొదటి సంగతికే ఛాతీ ఉప్పొంగింది. బ్రిటిష్ వాళ్లకు అస్సాం తేయాకు సంగతి తెలిసింది ఆదివాసుల దగ్గరనే. 1823 ప్రాంతంలో రాబర్ట్ బ్రూస్ అనే వ్యాపారికి సింగ్ఫో తెగ పెద్ద బీసా గామ్ ఈ మొక్క గురించి చెప్పిండు. సింగ్ఫోలు అంతకుముందు నుంచే ఈ ఆకు తాగుతున్నరు. 1839లో లండన్‌లో అస్సాం కంపెనీ పుట్టింది. అడవి కొట్టి తోటలు వేసిండ్రు.

ఆ తోటల్లో పనికి మనుషులు కావాలె. అప్పుడు ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణాలు, ఒడిశా కొండలు, మన గంజాం, విశాఖ ఏజెన్సీల దిక్కు నుంచి ముండాలను, ఒరావులను, సంతాల్‌లను, సవరలను పట్టుకపోయిండ్రు. ఊరికి ఏజెంటు వస్తడు, చేతిల ఇంత అడ్వాన్సు పెడతడు, కాగితం మీద వేలుముద్ర వేయించుకుంటడు. ఇగ అంతే. 1865 చట్టంతో పారిపోయిన కూలీని వారంటు లేకుండా తోట యజమానే పట్టుకునే అధికారం ఇచ్చిండ్రు. 1921 మే నెలల చర్‌గోలా లోయ తోటల నుంచి వేల మంది ‘మా ఊరికి మేము పోతం’ అని నడుచుకుంట బయలుదేరితే, చాంద్‌పూర్ స్టేషన్‌ల గూర్ఖా సిపాయిలతోని కొట్టించిండ్రు.

ఇది చదివినంక ఎవ్వరం మాట్లాడలేదు. ఏజెంటు, అడ్వాన్సు, వేలుముద్ర... ఈ కథ మాకు కొత్తది కాదు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరుక. గుంపు మేస్త్రి వచ్చి అడ్వాన్సు ఇచ్చి డ్యాముల కాడికి, కాలువల కాడికి తీసుకపోయిన తాతలు మనకూ ఉన్నరు. వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో. ఇప్పటికీ దసరా దాటితే తండాలల్ల ముసలోల్లు, పిల్లలే మిగులుతరు. మిగతావాళ్లు హైదరాబాద్, పుణె, ముంబై.

ఇంకో సంగతి మాత్రం మమ్మల్ని రాత్రి నిద్ర పోనియ్యలేదు. అస్సాం ప్రభుత్వ ఓబీసీ జాబితాలో తేయాకు తోటల కూలీ జాతుల పేర్లు ఉన్నయి. అండ్ల గోండు ఉంది, కోయ ఉంది, సంతాల్ ఉంది, సవర ఉంది, తెలెంగా అని కూడా ఉంది. అవును, అక్కడ వాళ్లు ఎస్టీలు కారు. ఝార్ఖండ్‌లో ఉండిపోయిన అన్న ఎస్టీ, తోటకు పోయిన తమ్ముని మనుమడు ఓబీసీ. ఎస్టీ హోదా కోసం వాళ్లు దశాబ్దాలుగా కొట్లాడుతున్నరు.

మనకిది దూరపు ముచ్చటనా? మా లంబాడీలనే చూడండి. తెలంగాణ జిల్లాల్లో మాకు ఎస్టీ హోదా వచ్చింది 1976 సవరణ చట్టంతో. సరిహద్దు దాటి కర్ణాటక పోతే అదే బంజారాలు ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతుల కింద వస్తరు. బతకపోయిన మనిషి భాష తీసుకపోతడు, దేవుణ్ణి తీసుకపోతడు, హక్కును మాత్రం తీసుకపోలేడు. మా నలుగురికీ ఈ హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ ఆ ఒక్క సర్టిఫికెట్ మీదనే వచ్చినయి. అది లేకుంటే మేము కూడా ఏదో ఒక మేస్త్రి వెనుక ఉంటుంటిమి.

ఇదంతా చదివినంక రూములో పెద్ద చర్చ అయింది. ‘వాళ్ల కష్టం ముంగట నిలబడి సెల్ఫీ దిగుతమా, వద్దురా’ అని ఒకడు. ‘మన వాళ్ల చెమటతో పెరిగిన తోటను మనం చూడకుంటే ఎవరు చూస్తరు’ అని ఇంకొకడు. రెండూ సరైన మాటలే.

మాకు దారి చూపింది మున్నార్ ఆడవాళ్లు. 2015 సెప్టెంబర్‌ల బోనస్ తగ్గించినందుకు వేల మంది తోట కూలీ తల్లులు రోడ్డు మీద కూసున్నరు. యూనియన్ నాయకులను కూడా దూరం పెట్టి, పెంబిళై ఒరుమై అని పేరు పెట్టుకొని, వాళ్లే మాట్లాడి బోనస్ గెలిచిండ్రు. వాళ్లు ఎక్కువ మంది తమిళ దళిత కుటుంబాలోల్లు. ఇటు మన అరకులో చూస్తే ఆదివాసులు సొంత చిన్న చిన్న తోటల్లోనే కాఫీ పండిస్తున్నరు, 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పంట ఏదైనా, నేల ఎవరి చేతుల ఉందన్న దాని మీదనే బతుకు ఆధారపడి ఉంటది.

అందుకే మేము పోతం. డబ్బా పగలగొట్టం. కానీ తోట బొమ్మ ఒక్కటే చూసి రాము. నాలుగు నుంచి నాలుగున్నర కిలోల పచ్చి ఆకు తెంపితే ఒక కిలో చాయ్‌పత్తా అయితది. ఆ ఆకు తెంపే చేతులను చూడాలె. ఏ ఊరు మీది, ఏ భాష మీది, పిల్లలు ఏం చదువుతున్నరు అని అడగాలె. మా ముచ్చట కూడా చెప్పాలె.

గ్రూపులో ఎవరన్నా అస్సాంల, కేరళల చదువుకుంటున్నోల్లు ఉంటే కింద రాయండి. తోట పిల్లల విద్యార్థి సంఘాలు తెలిసినా చెప్పండి. మీ ఇంట్ల పెద్దోల్లను కూడా అడిగి చూడండి: మేస్త్రి ఇచ్చిన మొదటి అడ్వాన్సు ఎంత, ఏ ఊరికి పోయిండ్రు, ఎన్నేండ్లకు తిరిగొచ్చిండ్రు అని. వాళ్లు చెప్పింది రాసి పెట్టండి. చాయ్ పెట్టి అడిగితే తప్పకుండ చెప్తరు.