నీలికలువల కొండకు

ఆడి కృత్తిక నాడు వేకువన రెండు గంటలకు పొదటూరుపేట నుంచి బయల్దేరాం. మా వీధిలో మరమగ్గాలు ఆగిపోయి, ఆ నిశ్శబ్దంలో కావడి గంటలే గణగణమంటున్నాయి. చిన్నాన్న భుజాన పూలకావడి, అత్త తలమీద సద్దిమూట. నడక తిరుత్తణికి.

ఆడి మాసమంటే చల్లబడుతుందనుకుంటారు గానీ, మా వైపు పొద్దెక్కితే నేల నిప్పే. అందుకే చీకట్లో నడక. తెల్లారేసరికి సగం దారి దాటాం. అప్పుడు కనపడ్డాయి పూలు.

నాలుగు చినుకులు పడి ఉన్నాయేమో, బీడంతా పూసింది. గట్ల మీద తంగేడు, దాని కింద తెల్లగా తుమ్మి. ఇక్కడ ప్రతి పూవుకూ రెండు పేర్లు. తంగేడును తమిళంలో ఆవారం అంటారు, తుమ్మిని తుంబై అంటారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. పూలకు మాత్రం రెండు పేర్లూ మిగిలాయి, మా నోళ్లలో రెండు భాషలూ మిగిలినట్టే.

పసుపుపచ్చగా మెరుస్తున్న పల్లేరు పూవును దగ్గరగా చూద్దామని వంగాను. అయిదు రేకులు, పైన సన్నటి ధూళి.

"చూసి అడుగెయ్యి నాయినా, దాని కాయ చెప్పులోకి దిగుతాది," అంది అత్త.

దాని పక్కనే విష్ణుక్రాంత. చిటికెనవేలి గోరంత నీలం. నేలకు అంటుకుని పాకుతుంది కాబట్టి నిలబడి చూస్తే కనపడదు, కూచోవాలి. కూచున్నాను. వెనక నుంచి "అరోహరా" అంటూ ఇంకో గుంపు దాటిపోయింది.

1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగివస్తూ ఫ్రాంక్ స్మైత్ హిమాలయాల్లో పూలలోయను చూసి, దాని మీద పుస్తకమే రాశాడు. ఆ లోయను చూడాలని నాకూ ఉంది. కానీ ఏటా నడిచే ఈ దారిలో కాలికింద ఇంత పూత ఉందని ఇన్నేళ్లూ గమనించనందుకు మనసు చివుక్కుమంది.

అసలు తిరుత్తణి కొండకున్న పేర్లలో ఒకటి నీలోత్పలగిరి. ఇంద్రుడు ఇక్కడి చెలమలో నల్లకలువ నాటి, దాని పూలతో సుబ్రహ్మణ్యస్వామిని కొలిచాడని స్థలపురాణం. సూరపద్ముణ్ణి చంపిన కోపం చల్లారింది ఇక్కడేననీ, అందుకే తణిగై అన్న పేరనీ చెబుతారు. కోపం తీరిన చోట పూవు పూసిందన్న కథ నాకు చాలా ఇష్టం.

విష్ణుక్రాంత తీగ ఒకటి తెంపి, చిన్నాన్న కావడిలో బంతిపూల మధ్య దోపాను. ఆయన ఏమీ అనలేదు, కావడి కాస్త వంచాడు.

శరవణ పొయ్‌గైలో మునిగి, 365 మెట్లు ఎక్కేసరికి మిట్టమధ్యాహ్నం. మెట్లు కాలిపోతున్నాయి. కొండమీద ఎటు చూసినా కావడులే, దింపిన పూలు కుప్పలు కుప్పలు. మా కావడి దించాక బంతుల్లో వెతికాను. నీలం లేదు. ఆ పూవు మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. బూడిదరంగు నూగున్న ఆకుల మధ్య, గట్టిగా చుట్టుకున్న చిన్న మొన ఒకటి చేతికి తగిలింది.

"పొద్దున పూసిందే గదా, సామి చూసే ఉంటాడులే," అంటూ అత్త ఆ తీగను పూలకుప్ప మీద, అందరికీ కనపడేటట్టు పెట్టింది.