ఆకాశమునకు సిద్ధపడిన యిరువురు

రాకేశ్ శర్మగారి పేరెఱుగని బాలుడు మన పాఠశాలలో లేడు. భారతీయులలో మొదటి వ్యోమగామి యెవరని యడిగినచో చిన్న తరగతులవారును తడబడక చెప్పుదురు. రవీశ్ మల్హోత్రాగారెవరని యడిగినచో మాత్రము పెద్ద తరగతులవారును ఒకరి మొగమొకరు చూచుకొందురు. ఈ రెండవ పేరును గూడ మన పత్రికలో నచ్చు వేయింపవలెనని మాకు చాల దినములుగా కోరిక.

శర్మగారు 1949 జనవరి 13వ తేదీని పటియాలాలో జన్మించిరి. చదువు మాత్రము మన హైదరాబాదులోనే సాగినది: మొదట సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు, పిమ్మట నిజాం కళాశాల. ఆ స్కూలును మనదానివలెనే క్రైస్తవ సంఘమువారిది యగుటచే, శర్మగారితో మనకేదో దూరపు చుట్టరికమున్నట్లు మాకు తోచుచుండును. వారు 1966లో జాతీయ రక్షణ విద్యాలయమున చేరిరి. 1970లో వైమానిక దళమున నధికారియై, మరుసటి యేటి యుద్ధమున మిగ్ విమానము నెక్కి 21 పర్యాయములు పోరునకు వెడలిరి. అప్పటికి వారి వయస్సు 22 సంవత్సరములు.

1982లో సోవియట్ ప్రభుత్వమువారి యాహ్వానమును బట్టి మన వైమానికులలో కొందఱిని బెంగుళూరున పరీక్షించిరి. శర్మగారిని 72 గంటలసేపు ఒక గదిలో నొంటరిగా నుంచి, మూసియున్న చోట మనస్సు చెదరునా యని చూచిరట. తుదకిద్దఱు నిలిచిరి: స్క్వాడ్రన్ లీడర్ శర్మగారు, వింగ్ కమాండర్ మల్హోత్రాగారు. మల్హోత్రాగారు 1943లో లాహోరున పుట్టినవారు. వయస్సున అయిదేండ్లు పెద్ద, హోదాలో నొక మెట్టు పైవారు. వ్యోమనౌకలో మనవారికి గల స్థానము ఒక్కటే.

ఇరువురును మాస్కో చెంతనున్న నక్షత్రనగరమునకు వెళ్లిరి. పాఠములన్నియు రష్యను భాషలో. కావున దినమునకు ఆఱేడు గంటలు ఆ భాషనే వల్లించుచు మూడు నెలలలో దానిని పట్టుకొనిరి. శర్మగారికి సహచరులు మాలిషెవ్, స్త్రెకలోవ్. మల్హోత్రాగారికి బెరెజొవొయ్, గ్రెచ్కో. మొదటి జట్టులో నెవరికైన తుది ఘడియలో నలతచేసినచో రెండవ జట్టు వెళ్లవలెను. కావున రెండవవారు నేర్వవలసినది మొదటివారు నేర్చినదానికంటె వీసమైనను తగ్గరాదు. సైన్యమున పెద్దవాడు ముందు నడచుట వాడుక. ఇచ్చట చిన్నవాడు ముందుండెను; పెద్దవాడు వెనుక సిద్ధముగా నిలిచెను.

1984 ఏప్రిల్ 3వ తేదీని బైకనూరునుండి సోయుజ్ టి-11 లేచినది. సల్యూత్-7 కేంద్రములో నప్పటికే ముగ్గురుండిరి, వీరితో నార్గురైరి. గంటన్నరకొకమారు భూమిని చుట్టివచ్చుచు, శర్మగారు మన దేశపు ఛాయాచిత్రములను తీసిరి. భారము లేనిచోట యోగాభ్యాసము దేహమున కేపాటి యుపకరించునో తెలిసికొనుటకు, తేలిపోకుండ పట్టీలతో తమ్ము బంధించుకొని ఆసనములు వేసిరి. ఇందిరాగాంధీగారి ప్రశ్నకు వారు ఇక్బాలు గీతమునుండి చెప్పిన జవాబు లోకమెఱిగినదే. 7 దినముల 21 గంటల 40 నిమిషములకు తిరిగి భూమిపై దిగిరి. శర్మగారికి అశోకచక్రమును, మల్హోత్రాగారికి కీర్తిచక్రమును లభించినవి.

మేము వార్షికోత్సవ నాటకమున ముఖ్యపాత్రకు ఎల్లప్పుడును ఇద్దఱు బాలురచేత మాటలు వల్లింపజేయుదుము. ఒకనికి జ్వరము తగిలినచో రెండవవాడు రంగమెక్కును. పదిమార్లకు తొమ్మిదిమార్లు జ్వరము తగులదు. అట్లు మిగిలిపోయిన యొక బాలుని తల్లి క్రిందటి యేట మాకడకు వచ్చి, “మాస్టరుగారూ, మావాడు నెలదినములు రాత్రులు మేలుకొని చదివినాడు గదా, వానికేమి దక్కినట్లండీ?” అని యడిగినది. మేము మల్హోత్రాగారి సంగతి చెప్పితిమి. ఆమె సాంతము విని, “ఆయనకు మాత్రము మనస్సు నొవ్వదా?” అన్నది. నొవ్వకుండునా? సిద్ధపడుటయే చాలునని యామెతో ననుటకు మాకు నోరాడలేదు. వెళ్లుట వెళ్లుటయే. అయినను రెండవవాడు లేనిదే మొదటివానిని పంపుటకు ఏ దేశమువారును సాహసింపరని మాత్రము చెప్పితిమి.

తరువాత శర్మగారు 1987లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థలో చేరి క్రొత్త విమానములను పరీక్షించుచు పెక్కేండ్లు గడపిరి. ఆపై నీలగిరులలోని కూనూరున స్థిరపడిరి. మల్హోత్రాగారు ఎయిర్ కమడోర్ పదవివఱకు నెదిగి, కొలువు విడిచిన పిమ్మట బెంగుళూరున విమాన భాగముల తయారీకి పూనుకొనిరి.

41 సంవత్సరములకు ఈ కథయే మరల జరిగినది. 2025 జూన్ 25వ తేదీని ఫ్లోరిడానుండి అంతర్జాతీయ కేంద్రమునకు బయలుదేరిన నలుగురిలో మన గ్రూప్ కెప్టెన్ శుభాంశు శుక్లాగారు ఒకరు. వారచ్చట పెసలును మెంతులును మొలకెత్తించి జూలై 15న తిరిగి వచ్చిరి. వారికి బదులుగా సిద్ధపడినవారు పాలక్కాడు ప్రాంతీయులగు ప్రశాంత్ బాలకృష్ణన్ నాయర్‌గారు. శుక్లాగారు దళమున చేరినది 2006లో, నాయర్‌గారు 1998లో. ఈసారియు పెద్దవారే నేలపై నిలిచిరి. మే 29న జరుగవలసిన ప్రయాణము పలుమార్లు వాయిదా పడుచుండగా, ఆ దినములన్నియు శుక్లాగారితోపాటు వారును సిద్ధముగానే యుండవలసి వచ్చినది. మన గగనయానమునకై 2024 ఫిబ్రవరి 27వ తేదీని ప్రకటించిన నలుగురిలో నాయర్‌గారును గలరు.