చెంబెడు నీళ్ళు

2006 ఆగస్టు 7వ తేదీ రాత్రి మా ఇంట్లో కరెంటు పోయింది. పంకా ఆగిన సంగతి నేను గమనించనేలేదు. బాపు మాత్రం చీకట్లో లేచి కూర్చుని, "బుడగల సప్పుడు ఆగింది బిడ్డా" అన్నాడు.

అప్పుడు మేము సూరత్‌లో, తాపీ నదికి దగ్గరగా ఉన్న అడాజన్‌లో, రెండవ అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. ఎగువన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉకాయి జలాశయం నిండిపోయి, లక్షల క్యూసెక్కుల నీటిని వదలవలసివచ్చింది. నగరంలో అధికభాగం నీటిపాలయింది. మా కింది ఇంటి కిటికీలు మునిగిపోయాయి.

బాపు పదహారో ఏట కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి, లింబాయత్‌లో మరమగ్గాల మధ్య జీవితం గడిపినవాడు. ఆ రొదకు సగం చెవులు పోయిన మనిషికి బుడగల చప్పుడు ఎలా వినిపించేదో నాకు నేటికీ తెలియదు. పని మానుకున్నాక మా ఇంటికి తెచ్చుకున్న ఆస్తి ఒక రెండడుగుల గాజుతొట్టి. అందులో ఆరు గోల్డ్‌ఫిష్‌లు, రెండు గౌరామీలు. చేపల పెంపకంపై ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం కూడా తెచ్చాడు. "తీరికున్నప్పుడు తెలుగు చేసి పెట్టు" అని ఏడాదిగా అడుగుతున్నాడు. ఇంగ్లీషు సాహిత్యం చదివి అనువాదాలతో పొట్ట పోసుకుంటున్నదాన్ని నేను. డబ్బు వచ్చే పుటలన్నీ పూర్తయ్యాక చూద్దామనుకున్నాను. అవి ఎన్నటికీ పూర్తయ్యేవి కావు.

తెల్లవారేసరికి గోల్డ్‌ఫిష్‌లన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నీటిలో ప్రాణవాయువు చాలావరకు గాలి తగిలే పైభాగాన కరుగుతుంది. బుడగలు చేసే ముఖ్యమైన పని ఆ నీటిని కదిలిస్తూ ఉండడమే. పైగా నీరు వెచ్చబడేకొద్దీ అందులో ఇమిడే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు మించదు. గౌరామీలకు ఈ బాధ అంతగా లేదు. మన కొర్రమీనులాగే అవి పైకి వచ్చి గాలినే పీల్చుకుంటాయి. చేపలమ్మే ఆమె తట్టలో చారెడు నీళ్ళతో కొర్రమీను ఎలా బతికి ఉంటుందో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

బాపు మూడు గోల్డ్‌ఫిష్‌లను తొట్టి నీటితోనే వెడల్పాటి టబ్బులోకి మార్చి, నా చేతికి ఒక స్టీలు చెంబు ఇచ్చాడు. తొట్టిలో నీళ్ళే ముంచి, జానెడు ఎత్తు నుంచి ధారగా మళ్ళీ అందులోనే పోయాలి. గంటకొకసారి, రాత్రింబవళ్ళు. నాలుగేళ్ళ మా పాప మేత వేస్తానని ఏడిస్తే డబ్బా దాచేశాడు. మిగిలిన మేతా, చేపల మలినమూ రెండూ నీటిని చెడగొడతాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప వారం రోజులు పస్తుండగలదు.

కింది ఇంటి గుజరాతీ కుటుంబం మా ఇంట్లోకి చేరింది. మొత్తం తొమ్మిదిమందిమి; తాగునీరు రెండు బిందెలు. మూడవనాడు తొట్టిలో నీరు మసకబారడం చూసి, "ఒక్క చెంబెడు మంచినీళ్ళు కలుపుదామా బాపూ?" అన్నాను. "మనుషులు తాగేటివి" అన్నాడు, నా వంక చూడకుండా. మేమంతా బా అని పిలిచే ఆ ఇంటి ముసలావిడ ఏమీ అనలేదు. కాసేపటికి లేచి వచ్చి నా చేతిలోని చెంబు తీసుకుని, తన వంతు పోసింది. ఊరు మునిగితే చేపలేమిటని అడిగే హక్కు ఎవరికైనా ఉంటే అది ఆమెకే ఉంది.

రాత్రులు కొవ్వొత్తి వెలుగులో ఆ పుస్తకం చదివి బాపుకు తెలుగులో చెప్పాను. చాలావరకు ఆయనకు అనుభవంతో తెలిసినదే. వడపోత యంత్రం గురించిన ప్రకరణం రాగానే, కరెంటే లేనప్పుడు యంత్రం గోల ఎందుకని దాటవేశాను. అప్పటికి ఒక్క కొవ్వొత్తే మిగిలింది.

అయిదవనాడు మధ్యాహ్నం కరెంటు వచ్చింది. ఇల్లంతా కేరింతలు. టబ్బులోని మూడింటినీ తొట్టిలో వదిలి, పరుగున వెళ్ళి నేనే స్విచ్చి వేశాను. యంత్రం గోధుమరంగు నీటిని ఒక్కసారి కక్కి, నడవసాగింది. మర్నాటి ఉదయానికి నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, ఒక గౌరామీ తేలి ఉన్నాయి.

అప్పుడు చదివాను ఆ ప్రకరణం. చేపల మలినం నుంచి పుట్టే అమ్మోనియా విషాన్ని విరిచే సూక్ష్మజీవులు యంత్రంలోని స్పాంజిలో ఉంటాయి. వాటికీ ప్రాణవాయువు కావాలి. నీరు కొన్ని గంటలు కదలకపోతే అవి చచ్చి కుళ్ళడం మొదలవుతుంది. కనుక కరెంటు పోగానే స్పాంజిని తీసి, తొట్టి నీటితో నింపిన వెడల్పాటి పాత్రలో గాలి తగిలేలా ఉంచాలి. ఆగిన యంత్రాన్ని కడగకుండా మళ్ళీ నడపరాదు. అంతా కలిపి అర పుట.

బాపుకు చదివి వినిపించాను. దాటవేసిన సంగతి కూడా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నలభై ఏండ్లు మగ్గాలు నడిపిన. ఆగిన మగ్గాన్ని తుడవకుండ ఏనాడన్న నడిపిన్నా? నాకు తెల్వద్దా?" అన్నాడు. నన్నేమీ అనలేదు.

ఆ నెలలోనే పుస్తకమంతా రూళ్ళ నోటుబుక్కులో తెలుగు చేశాను. ఆ ప్రకరణంతోనే మొదలుపెట్టాను. బాపు ఇప్పుడు లేడు. తొట్టి ఉంది, పక్కన బ్యాటరీతో నడిచే గాలిపంపు ఉంది. దాని బాధ్యత మా అమ్మాయిది. గుజరాతీ బడిలో చదివిన ఆమెకు తెలుగు చదవడం రాదు. నోటుబుక్కు మొదటి నాలుగు పుటలు నేనే చదివి వినిపించాను.