షిట్జూ తెచ్చుకునే ముందు

పసుపు పైసలు చేతికొచ్చినంక మా ఆర్మూర్‌లో పిల్లలు షిట్జూ కుక్కపిల్ల కావాలని పట్టుబడుతున్నరు. కొనే ధర ఒక్కసారిదే. పసుపు తొమ్మిది నెలల పంట, షిట్జూ పదేండ్లకు పైగా బతికే ప్రాణం.

తిండి పిడికెడే. అసలు ఖర్చు వెంట్రుకల దగ్గర మొదలైతది. అవి పెరుగుతనే ఉంటయి. రోజూ దువ్వాలె, నెలా రెండు నెలలకోసారి కత్తిరించాలె. లేకుంటే ఉండలు కట్టి కింద తోలు పుండ్లు పడతది, పాపం. చిన్న నోట్లె పండ్లు ఇరుకు కాబట్టి గార పట్టి చిగుళ్లు తొందరగా పాడైతయి. శుభ్రంగ తీయాలంటే డాక్టర్ మత్తు ఇయ్యాల్సిందే, ఆ బిల్లు చిన్నగుండదు. ఇగ చప్పిడి ముక్కుతోని మన మే నెల ఎండకు ఊపిరాడదు, వడదెబ్బకు ప్రాణమే పోవచ్చు. ఏసీ కరెంటు బిల్లు కూడా దాని లెక్కల్నే రాసుకోవాలె.

రేబిస్ టీకా మాత్రం జులై 6న, ప్రపంచ జూనోసిస్ దినం నాడు, సర్కారు పశువుల దవాఖానల్ల ఉచితంగ ఏస్తరు. 1885ల అదే తేదీన పాశ్చర్ ఓ పిల్లగానికి మొదటి రేబిస్ టీకా ఇప్పించిండు. పార్వో, డిస్టెంపర్ టీకాల పైసలు వేరే పెట్టుకోవాలె.

ఇంత మోయలేమనుకుంటే గల్లీల పుట్టిన ఊరకుక్క పిల్లను తెచ్చుకోండ్రి. దానికి మన ఎండ అలవాటే, కత్తిరింపులు అక్కర్లేదు. టీకాలు, పిల్లలు కాకుండ ఆపరేషన్ మాత్రం తప్పకుండ చేయించుండ్రి.