ముందు వెనక్కి తిప్పు

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీ కారు పైన, ఈ పక్కన ఒకటి, ఆ పక్కన ఒకటి, పొడవుగా రెండు కడ్డీలు ఉన్నాయా? సామాను కట్టుకోవడానికి ఉండేవి. మనం రూఫ్ రెయిల్స్ అంటాం.

వాటిని తెలుగులో ఏమనాలని మా శనివారం తరగతిలో అడిగాను. ఒకరు "కప్పు పట్టాలు" అన్నారు. కప్పు అంటే ఇంటి పైకప్పు. టీ తాగే కప్పు కూడా కప్పే. పట్టాలు అంటే రైలు నడిచేవి. కారు మీద టీ కప్పులు, వాటి మీద రైలు! అందరం నవ్వాం. చివరికి టీచరమ్మ "కడ్డీలు అనండి, చాలు" అన్నారు. కాబట్టి ఇక్కడ కూడా కడ్డీలు అనే రాస్తాను.

ఈ కడ్డీలు నాకెందుకు కావలసి వచ్చాయో చెబుతాను. మా నాయనకు 79 ఏళ్ళు. డర్బన్‌కు ఉత్తరాన ఒక చక్కెర మిల్లులో 31 ఏళ్ళు పని చేశారు. యంత్రాలు విప్పడం, బిగించడం, బాగు చేయడం, ఫిట్టర్ చేసే పనులన్నీ చేశారు. జీతం కాగితం మీద మాత్రం చివరిదాకా "సహాయకుడు" అనే ఉంది. ఆ రోజుల్లో మనవాళ్ళకు పని ఇచ్చేవారు. పనికి తగ్గ పేరు ఇచ్చేవారు కాదు.

ఆదివారం వస్తే నాయన తన బక్కీలో గాలాలు వేసుకుని సముద్రానికి వెళ్ళేవారు. మూడేళ్ళ కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. బక్కీ అమ్మేశాం. మాట కూడా తగ్గింది. వచ్చే నాలుగు మాటల్లో ఇంగ్లీషు కన్నా తెలుగే ఎక్కువ. చిన్నప్పుడు వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు అది. నాకేమో తెలుగు సరిగా రాదు. అందుకే 52 ఏళ్ళ వయసులో తెలుగు తరగతిలో చేరాను.

ఈ ఏడాది జూన్‌లో, సార్డీన్ చేపలు వచ్చే కాలంలో, నాయన గోడకు ఆనించిన గాలపు కర్రలను చూసి "సముద్రం" అన్నారు. ఒక్క మాటే. నా కారు చిన్నది. చక్రాల కుర్చీ పెడితే వెనక డిక్కీ నిండిపోతుంది. కర్ర ఒక్కొక్కటి 14 అడుగులు. రెండు ముక్కలుగా విడదీసినా ఒక్కో ముక్క 7 అడుగులు. లోపల పట్టదు. పైనే కట్టాలి. పైన కట్టాలంటే కడ్డీలు కావాలి.

మీరు కూడా ఈ పని చేయాలనుకుంటే, ముందు మీ కారు పుస్తకం చదవండి. నా కారు తక్కువ ధర మోడల్. కడ్డీలు లేకుండా వచ్చింది. కానీ ఫ్యాక్టరీలోనే రంధ్రాలు చేసి, మర కూడా పెట్టి, పైన నల్లటి ప్లాస్టిక్ పట్టీ వేసి మూసేశారు. ఎక్కువ ధర మోడల్ కడ్డీలు అక్కడ సరిగ్గా కూర్చుంటాయి. పాత కార్లు విప్పి అమ్మే చోట అవి దొరికాయి. కింద వేసే రబ్బరు ముక్కలు, బోల్టులు మాత్రం కొత్తవి కొన్నాను. మీ కారుకు అలాంటి రంధ్రాలు లేకపోతే మీరే డ్రిల్లు పెట్టకండి. పైకప్పు లోపల వైర్లు ఉంటాయి. చాలా కార్లలో పక్కవైపు ఎయిర్ బ్యాగులు కూడా అక్కడే ఉంటాయి. అలాంటప్పుడు ఆ పని తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళండి.

ఒక శనివారం కారును నీడలో పెట్టాను. నాయన కుర్చీని పక్కనే వేశాను. రంగు గీసుకుపోకుండా అంచుల మీద టేపు అంటించాను. పాత బ్యాంకు కార్డుతో పట్టీని మెల్లగా లేపాను. కింద ఏళ్ళ తరబడి చేరిన మట్టి. తడిగుడ్డతో తుడిచాను. ఒక్కో పక్కన మూడు రంధ్రాలు కనిపించాయి. రబ్బరు ముక్కలు వేసి, కడ్డీని ఎత్తి పెట్టాను. అంతవరకు బాగానే జరిగింది.

మొదటి బోల్టు దగ్గర తప్పు చేశాను. అది రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. నేను ఆఫీసులో లెక్కలు రాసేవాణ్ణి. చేతిలో స్పానర్ ఉంటే బలమే పని చేస్తుందనుకున్నాను. ఇంకాస్త గట్టిగా నొక్కాను.

నాయన ఎడమ చేతిలోని కర్రతో నేల మీద కొట్టారు. "ముందు... వెనక్కి" అన్నారు.

ముందు అంటే ఎదురుగా ఉండేది, వెనక అంటే వీపు వైపు ఉండేది. తరగతిలో నేర్చుకున్నది అదే. ముందు బోల్టు వదిలేసి వెనక బోల్టు చూడమంటున్నారని అనుకున్నాను. స్పానర్ పట్టుకుని కారు వెనక్కి నడిచాను. నాయన మళ్ళీ నేల మీద కొట్టారు. ఈసారి కోపంగా. "కాదురా! ముందు వెనక్కి తిప్పు!"

మూడేళ్ళలో ఆయన నోట విన్న పెద్ద మాట అదే. కర్ర ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేతి వేళ్ళతో గాలిలో బోల్టు పట్టుకున్నట్టు పట్టి చూపించారు. మొదట ఎడమ వైపు. తరువాత కుడి వైపు. అప్పుడు అర్థమైంది. ఇక్కడ ముందు అంటే మొదట.

బోల్టు బయటికి తీశాను. అది వంకరగా ఎక్కింది. మర కాస్త అరిగింది. కొత్త బోల్టు తీసుకుని, స్పానర్ లేకుండా, వేళ్ళతోనే వెనక్కి తిప్పాను. ఒక చోట "టక్" మని చిన్నగా కిందికి జారింది. మర మరతో కలిసే చోటు అదే. అక్కడి నుంచి ముందుకు తిప్పితే వెన్నలో దిగినట్టు దిగింది. ఇంకొక్క చుట్టు బలవంతం చేసి ఉంటే లోపలి మర పాడయ్యేది. అప్పుడు కారు లోపలి పైకప్పు గుడ్డ విప్పి బాగు చేయాల్సి వచ్చేది.

ఆరు బోల్టులూ ముందు చేత్తోనే ఎక్కించాను. తరువాత ఇటొకటి, అటొకటిగా కొద్దికొద్దిగా బిగించాను. చివరికి టార్క్ రెంచ్ పెట్టాను. కడ్డీలతో వచ్చే కాగితంలో ఎంత బిగించాలో రాసి ఉంటుంది. అంత బిగువు రాగానే రెంచ్ "టిక్" అంటుంది. టిక్ అన్నప్పుడల్లా నాయన ఒక వేలు ఎత్తారు. "ఒకటి... రెండు... మూడు..." ఆరు దాకా తెలుగులోనే లెక్క పెట్టారు.

పట్టీలు తిరిగి పెట్టాక పైపుతో పది నిమిషాలు కారు మీద నీళ్ళు పోశాను. లోపల చెయ్యి పెట్టి చూస్తే తడి లేదు. మరుసటి వారం అడ్డ కడ్డీలు కూడా వేశాను. మీరు వేసినప్పుడు బరువు మరిచిపోకండి. మా కారు పుస్తకం ప్రకారం పైన 75 కిలోలకు మించకూడదు. అడ్డ కడ్డీల బరువు కూడా అందులోదే. ఎత్తు తక్కువ ఉన్న పార్కింగులోకి వెళ్ళే ముందు కారు పైన ఏముందో గుర్తు చేసుకోండి.

ఆదివారం తెల్లవారుజామున బ్లూ లగూన్ వెళ్ళాం. ఉమ్‌గేని నది సముద్రంలో కలిసే చోటు. దారిలో నాయన "ఆపు. వదులు చూడు" అన్నారు. ఆపి చూశాను. ఒక బోల్టు నిజంగానే కాస్త సడలింది. రెంచ్ పెట్టి మళ్ళీ బిగించాను. మీరూ మొదటి ప్రయాణంలో ఒకసారి ఆగి చూసుకోండి.

గాలం నేనే విసిరాను. బాగా విసరలేదు. ఒక్క చేపా పడలేదు. నాయన ఎడమ చేత్తో కర్ర పట్టుకుని అలలు చూస్తూ కూర్చున్నారు. పక్కన గాలం వేస్తున్న ఒకాయన నా కారు చూసి, కడ్డీలు ఎక్కడ వేయించావని అడిగాడు.

"మా నాయన వేయించారు. ఆయన ఫిట్టర్" అన్నాను.

నాయన నా వైపు చూడలేదు. కర్రను మాత్రం ఇంకాస్త నిటారుగా పట్టుకున్నారు.

మీ ఇంట్లో కూడా చేతిపని తెలిసిన పెద్దవాళ్ళు ఉంటారు. కుట్టుపని, వంట, తోట, మిల్లు, ఏదైనా సరే. వాళ్ళ పక్కన కూర్చుని ఒక పని చేయండి. ఆ పనిలో వాళ్ళ నోట వచ్చిన తెలుగు మాటలు రాసి ఈ పత్రికకు పంపండి. నా వంతుగా మూడు పంపుతున్నాను: మర, వదులు, ముందు.