లాగడం వేరు, మోయడం వేరు

మా డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళ ముందు ఉండే బళ్ళు మీకు తెలిసినవే. ఒక క్యామ్రీ, ఒక ఒడిస్సీ, ఈమధ్య అయితే ఒక టెస్లా. అలాంటి వీధిలో నేను పికప్ ట్రక్కు తెచ్చి నిలబెడితే పలకరింపులు ఎలా ఉంటాయో ఊహించుకోండి. "ఏంటి బాస్, ఇసుక కాంట్రాక్టులు మొదలెట్టావా?" అన్నాడొకడు. "లారీకి నిమ్మకాయలు కట్టించావా?" అన్నాడింకొకడు.

వాళ్ళు నవ్వినందుకు నాకేం బాధ లేదు. ఏడాది తిరక్కుండానే ఆ ట్రక్కు నష్టానికి అమ్ముకుని ఇంకోటి కొనాల్సొచ్చింది, అదీ బాధ. డబ్బు పోతే పోయింది, ఇంకా పెద్దదే పోయేది. ఆ కథే ఇది. ట్రెయిలర్ కొనే ఆలోచన ఉన్న మనవాళ్ళు ఈమధ్య పెరిగారు కాబట్టి ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

తెలియనివాళ్ళ కోసం: ట్రావెల్ ట్రెయిలర్ అంటే చక్రాల మీద ఉండే చిన్న పోర్షన్ అనుకోండి. వంటగది, బాత్రూం, పిల్లలకి బంక్ బెడ్లు అన్నీ ఉంటాయి, ఇంజన్ ఒక్కటే ఉండదు. దాన్ని లాగడానికి ట్రక్కు కావాలి. మేం చూసుకున్నది 28 అడుగుల ట్రెయిలర్. బ్రోషర్‌లో ఖాళీ బరువు 6,200 పౌండ్లు. ట్రక్కుల లాట్‌లో సేల్స్‌మాన్ చూపించిన హాఫ్ టన్ ట్రక్కు 11,000 పౌండ్లు లాగుతుందట. ఆరు వేలకి పదకొండు వేలు! సర్వర్ కెపాసిటీలో సగానికి కాస్త పైన మాత్రమే వాడుతున్నాం కదా అనుకుని సంతకాలు పెట్టేశా.

మా ఆవిడ టెస్టింగ్‌లో పనిచేస్తుంది. ఎక్కడ ఏ స్టిక్కర్ కనిపించినా చదువుతుంది. మొదటి ట్రిప్పుకి సామాన్లు సర్దుతూ, డ్రైవర్ తలుపు తీస్తే పక్కన ఫ్రేమ్ మీద అంటించి ఉన్న కాగితం చదివింది. మనుషులూ సామానూ కలిపి 1,520 పౌండ్లు దాటకూడదు అని ఉంది. "పదకొండు వేలన్నావు, ఇక్కడ పదిహేనొందలే అంటున్నాడేంటి?" అంది.

అది పేలోడ్. ట్రక్కు తన వీపు మీద మోయగలిగింది. పదకొండు వేలు అనేది వెనక లాగగలిగింది. రెంటికీ సంబంధం ఎక్కడంటే, ట్రెయిలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు. ముందు భాగం ట్రక్కు కొక్కెం మీద కూర్చుంటుంది. దీన్ని టంగ్ వెయిట్ అంటారు. మొత్తం ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అదంతా పేలోడ్ ఖాతాలోకే వస్తుంది.

ఎక్సెల్ తెరిచి కూర్చున్నా. ట్రెయిలర్ ఖాళీగా వెళ్ళదు కదా. రెండు ప్రొపేన్ సిలిండర్లు, బ్యాటరీ, గిన్నెలు, దుప్పట్లు, నీళ్ళు. నీళ్ళు గాలన్‌కి 8.3 పౌండ్లు, 40 గాలన్ల ట్యాంకు నింపితేనే 330 పౌండ్లు. అన్నీ కలిపి 7,400 తేలింది. అందులో 13 శాతం టంగ్ వెయిట్, 960. బరువుని ఇరుసుల మీదకి సర్దే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ 90. మేం నలుగురం 440. ట్రక్కు బెడ్‌లో జనరేటర్, సైకిళ్ళు, కూలర్, కట్టెలు, బియ్యం 350. బెడ్ మీద కవర్ 60. మొత్తం 1,900. పరిమితికి 380 ఎక్కువ. లాగే లెక్కలో ఇంకా మూడున్నర వేలు మిగిలుంది, మోసే లెక్క మాత్రం ఎప్పుడో నిండిపోయింది. సీపీయూ ఖాళీగా ఉండగానే మెమరీ అయిపోవడం మనకి కొత్తేం కాదు కదా, అదే ఇది.

మరి ఆ పదకొండు వేలు అబద్ధమా? కాదు. 2008లో వచ్చిన ఎస్ఏఈ జె2807 అనే ప్రమాణం ఉంది. అంతకుముందు ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే. 2011 మోడల్ నుంచి టొయోటా ముందుగా ఈ పద్ధతికి వచ్చింది, మిగతావాళ్ళు తర్వాత మెల్లగా వచ్చారు. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి పెద్ద ఎక్కుడు ఏసీ వేసుకుని ఎక్కాలి, ఇలాంటి కఠినమైన పరీక్షలే ఉన్నాయి. కానీ అందులో ట్రక్కులో కూర్చునేది ఇద్దరే, మనిషికి 150 పౌండ్ల చొప్పున. "అయితే ఆ లెక్కలో మన పిల్లలు లేరన్నమాట" అంది మా ఆవిడ. బియ్యం బస్తా కూడా లేదు.

ఇక్కడ బుద్ధున్నవాడైతే ట్రిప్పు ఆపేసేవాడు. నేను ఇంజనీర్‌ని కదా, ప్యాచ్ వేశా. బెడ్‌లోంచి సైకిళ్ళూ జనరేటరూ కలిపి 200 పౌండ్లు తీసి ట్రెయిలర్ వెనక చివర పెట్టా. ట్రెయిలర్ ముందు అరలో ఉన్న బరువులు కూడా వెనక్కి జరిపా. చిన్న టంగ్ స్కేలు పెట్టి చూస్తే 650కి దిగింది. మొత్తం 1,390. ఎక్సెల్‌లో అన్ని గడులూ ఆకుపచ్చ! ట్రెయిలర్ బరువు ఇప్పుడు 7,600 అయిందనీ, 650 అంటే అందులో తొమ్మిది శాతం కూడా లేదనీ నాకు తట్టలేదు. ఒక టెస్ట్ పాసవడానికి ఇంకోటి ఫెయిల్ చేశానన్నమాట.

పాలో డ్యురో కాన్యన్‌కి బయల్దేరాం, అమరిల్లో పక్కన. హైవే 287 మీద క్వానా దాటాక పక్కగాలి మొదలైంది. అక్కడ గాలికి అడ్డు ఏమీ ఉండదు, ఎటు చూసినా చదునే. ఒక పద్దెనిమిది చక్రాల లారీ మమ్మల్ని దాటుతుంటే ట్రెయిలర్ ముందు దానివైపు గుంజుకుంది, తర్వాత ఇటు ఊగింది. మళ్ళీ అటు. ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. అద్దంలో చూస్తే కాసేపు కుడిపక్క ట్రెయిలర్, కాసేపు ఎడంపక్క ట్రెయిలర్. ట్రక్కు వెనక భాగాన్ని ఎవరో పట్టుకుని ఊపుతున్నట్టుంది. నేను చేసిన మొదటి పని ట్రక్కు బ్రేకు తొక్కడం. అది తప్పు, ఊపు ఇంకా పెరిగింది. అప్పుడు గుర్తొచ్చి కాలు తీసేసి, స్టీరింగ్ కదపకుండా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ మీది మీట నొక్కా. అది ఒక్క ట్రెయిలర్ చక్రాలకే బ్రేకు వేస్తుంది. వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు ట్రెయిలర్ సూటిగా అయింది.

షోల్డర్ మీద ఆపాం. ఎప్పుడూ కొట్టుకునే పిల్లలు ఇద్దరూ నోరెత్తలేదు. మా ఆవిడ కూడా ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేదనిపించింది.

అప్పుడు గుర్తొచ్చాడు మా తాతయ్య. ధాన్యం బస్తాలు ఎడ్లబండికి ఎత్తించేటప్పుడు మధ్యలో ఆపించి, కాడి దగ్గర చెయ్యిపెట్టి ఎత్తి చూసేవాడు. ముందు బరువెక్కువైతే ఎద్దుల మెడలు పుళ్ళు పడతాయి, వెనక ఎక్కువైతే కాడి పైకి లేచి తాళ్ళు మెడకు బిగుసుకుంటాయి. ఒక బస్తా అటో ఇటో జరిపించేవాడు. మొత్తంగానే ఎక్కువైందనిపిస్తే జరపడంతో సరిపెట్టేవాడు కాదు, బస్తాలు దింపించేవాడు. నేను చదివిన ఇంజనీరింగ్‌లో ఈ రెండో ముక్కే తప్పిపోయింది.

బరువులు మళ్ళీ ముందుకి సర్ది, జనరేటర్‌కీ ట్రక్కుకీ దణ్ణం పెట్టుకుని, 45 మైళ్ళ వేగంతో ఇంటికొచ్చాం. దారిలో ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ మీద తూకం వేయించా. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలర్ ఇరుసులు మూడూ విడివిడిగా కాగితం మీద వస్తాయి. ట్రక్కు ఒక్కదాని గరిష్ఠ బరువు 7,050 ఉండాల్సింది, 7,340 వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నా.

రెండోసారి ట్రక్కు కొనేటప్పుడు లెక్క తిరగేశా. ముందు ట్రెయిలర్, తర్వాతే ట్రక్కు. ట్రెయిలర్ ఖాళీ బరువు కాదు, దాని మీద రాసిన గరిష్ఠ బరువు తీసుకోవాలి. అందులో 13 శాతం, మనుషులు, హిచ్, బెడ్‌లో సామాను కలపాలి. ఆ అంకె పట్టుకుని లాట్‌కి వెళ్ళి ఒక్కొక్క ట్రక్కు తలుపు తీసి చూడాలి. బ్రోషర్ చూడొద్దు. ఒకే మోడల్ రెండు ట్రక్కులు పక్కపక్కనే ఉన్నా స్టిక్కర్లలో మూడు నాలుగొందల తేడా ఉంటుంది. సన్‌రూఫ్, ఫోర్ వీల్ డ్రైవ్, పెద్ద చక్రాలు, లెదర్ సీట్లు అన్నీ ఆ ఖాతాలోంచే తింటాయి.

ఇంకో ఆశ్చర్యం డీజిల్. త్రీ క్వార్టర్ టన్ ట్రక్కుల్లో డీజిల్‌ది చూస్తే స్టిక్కర్ 2,100, గ్యాస్ ఇంజన్‌ది చూస్తే 3,050. డీజిల్ ఎక్కువ లాగుతుంది, కానీ ఆ ఇంజనే బరువు కాబట్టి తక్కువ మోస్తుంది. కొండల మీద డీజిల్ హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ మా కుటుంబానికి కావాల్సింది మోసేది. గ్యాస్‌దే కొన్నా. దీని కష్టాలు దీనికున్నాయి. ఖాళీగా వెళ్తే గతుకులన్నీ నడుముకి తెలుస్తాయి. ఇంత బరువు తరగతికి ఈపీఏ మైలేజీ స్టిక్కర్ కూడా ఉండదు, ఉంటే ఎవరూ కొనరేమో. ఇండియన్ స్టోర్ పార్కింగులో రెండు చోట్లు ఆక్రమిస్తుంది. ఇవన్నీ వద్దనుకుంటే చిన్న ట్రెయిలర్ కొనుక్కోవడం అన్నిటికంటే తెలివైన పని. హాఫ్ టన్ను చెడ్డదేం కాదు, దాని నెత్తిన నేను పెట్టిన బరువే తప్పు.

మొన్న స్ప్రింగ్ బ్రేక్‌లో పాలో డ్యురో చూశాం. లోపలికి దిగే రోడ్డు 10 శాతం వాలు. టో హాల్ మోడ్ వేసి, గేరు తగ్గించి, ఇంజనే పట్టి ఆపుతుంటే నిదానంగా దిగాం. దిగువకి చేరాక పిల్లలు సైకిళ్ళ కోసం కొట్టుకున్నారు. ఆ గోల వింటుంటే ఎంత బాగుందో.

అన్నట్టు, ఈ రెండో ట్రక్కుకి నిమ్మకాయలు తొక్కించాం. కాకపోతే అంతకుముందే మా ఆవిడ తలుపు తీసి స్టిక్కర్ చదివింది.